తాడు పట్టే చెయ్యి

తుడిచాక కూడా వసారా తడిగా ఉందంటే గుడ్డ సరిగ్గా పిండలేదని అర్థం. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మా సత్రం వసారా వీధి పొడవునా ఉంటుంది. కొండకొచ్చే యాత్రికులు జట్టు జట్టంతా ఒకేసారి కూర్చుని బూట్లు విప్పుకోవాలి కాబట్టి కొండ కింది మా దోరోగావా ఊళ్ళో సత్రాలన్నీ అలాగే కడతారు. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆ వసారా తుడిచేది మా ఆయనే. ఆయన తుడిచిన చెక్క మీద పిల్లి నడిచినా పాదం తడిసేది కాదు. ఈ ఏడు మంచు కరిగినప్పటి నుంచి అదే చెక్క మీద నీళ్ళు మడుగులు కడుతున్నాయి.

"ఈ ఏడు గాలిలో తేమ ఎక్కువ" అన్నాడు మా ఆయన.

"గాలిలో కాదు, మీ గుడ్డలో ఎక్కువ" అన్నాను.

బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. మా ఆయనతో వాదన ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది. ఆయన గెలవడు, ఓడిపోడు, వెళ్ళిపోతాడు.

ఒక్క గుడ్డే అయితే సరిపెట్టుకునేదాన్ని. ఊరగాయ జాడీ మూత తియ్యమంటే "ఇప్పుడెందుకు, నిన్నటిది ఉందిగా" అంటాడు. టీ కప్పు ఎడం చేతికి మారింది. భోజనం చేస్తుంటే అన్నం తినే పుల్లలు జారి ఒళ్ళో పడతాయి, ఎవరూ చూడలేదనుకుని తీసుకుంటాడు. ఆయన కుడి చేతిలో పట్టు పోయింది. ఇంట్లో ఏ చెయ్యి ఏ పని మానేసిందో పెళ్ళానికి తెలియకుండా ఉంటుందా?

వేరే మగవాడైతే పోనీలే అనుకుందును. మా ఆయన గెంజో, ఓమినె కొండ మీద తాడు పట్టే మనిషి. పైన పడమటి బండ ఉంది. మొదటిసారి కొండెక్కిన మగవాణ్ణల్లా అక్కడ బోర్లా పడుకోబెట్టి, భుజాలకి తాడు తగిలించి, నడుం దాకా అంచు బయటికి తోస్తారు. కింద లోయ. వాడు చేతులు జోడించి తలకిందులుగా వేలాడుతుంటే పైనుంచి అడుగుతారు. అమ్మానాన్నల్ని చూసుకుంటావా? పని ఎగ్గొట్టకుండా చేస్తావా? పెళ్ళాం మాట వింటావా? అక్కడ కాదన్న మగాడు ఇంతవరకూ పుట్టలేదు. కాళ్ళు పట్టుకునేది మా మరిది షుకిచి. తాడు పట్టేదీ, ప్రశ్నలు అడిగేదీ మా ఆయన. తాడు రెండో కొస వెనక రాతికి కట్టి ఉంటుంది, నిజమే. కానీ అది బిగుసుకునేలోగా మనిషి మూరెడు జారితే చాలు, నుదురు బండకి కొట్టుకోవడానికి.

ఇవేవీ నేను కళ్ళారా చూసినవి కావు. ఆ కొండ మీదికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు, మేం హద్దు ద్వారం దాటం. విని విని కంఠతా వచ్చాయంతే.

బండ మీద ఇచ్చిన మాట తప్పినవాడికి మళ్ళీ కొండెక్కే మొహం ఉండదు. అందుకే యాత్రికుల పెళ్ళాలు వాళ్ళ మొగుళ్ళు ఇల్లు కదలకముందే నాకు ఫోన్లు చేస్తారు. పాచింకో జూదం మానేస్తాడేమో అడిగించండి, వాళ్ళమ్మ ముందు నన్ను వెనకేసుకొస్తాడేమో అడిగించండి అని. నేను మా ఆయన చెవిన వేస్తాను, ఆయన పైన అడుగుతాడు, కింద కాపురాలు చక్కబడతాయి. ఆ బండ మీద "పెళ్ళాం మాట వింటావా" అని ఎంతమందిని గద్దించాడో లెక్క లేదు. ఇంట్లో మాత్రం నా మాట ఆయన చెవికెక్కదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందట. ఆ బల్లితోనే నేను కాపురం చేస్తున్నాను.

చెప్పకపోలేదు. వసంతంలో చెప్పాను, వానల్లో చెప్పాను.

"ఇక తాడు షుకిచికి ఇచ్చెయ్యండి. మీరు పక్కన నిలబడి అడగండి చాలు."

"కొండ మీద సంగతి నీకేం తెలుసు?"

"కొండ సంగతి నాకెందుకు? ఈ చెయ్యి సంగతి తెలుసు. రోజూ నా ఎదురుగా కూర్చునే అన్నం తింటోంది."

"మా నాన్న చెయ్యి పడిపోయేదాకా తాడు వదల్లేదు."

"నేను చెప్పేదీ అదే. చెయ్యి పడిపోయింది."

బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో, కొండెక్కే జట్టు ముందు శంఖం ఊదేవాడే చెవిటివాడు, ఇంకెవరితో చెప్పుకోను?

మా కొండని ప్రపంచ వారసత్వం అన్న దగ్గర్నుంచి ఇంకో తలనొప్పి. మైకులు పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఈ దేవదారు చెట్టు నరకరాదు, ఈ రాయి కదపరాదు, ఈ దారి వెడల్పు చెయ్యరాదు అని బోర్డులు. మా ఆయన మొండితనం కూడా ఆ పట్టీలో ఎక్కిందేమో, ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఒకావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇన్నేళ్ళుగా పైకి వెళ్ళలేనందుకు మీకెలా అనిపిస్తుంది?" అని అడిగింది. సత్రం నిండా జనానికి వండాలి తల్లీ, పైకి వెళ్ళే తీరిక ఎవరికుంది అన్నాను. ఆవిడకి నచ్చలేదు. నిజం చెప్పొద్దూ, నాకెప్పుడూ పెద్దగా ఏమీ అనిపించలేదు. ఈ ఏడే అనిపించింది. మొగుడు పైన ఏం చేస్తున్నాడో చూడ్డానికి లేదు, ఆపడానికి లేదు, ఇదెక్కడి గోలరా దేవుడా అని.

జూలైలో సకాయ్ ఊరి జట్టు వచ్చింది. వాళ్ళ పెద్ద హమజాకి గారు చేపల వ్యాపారి, ఏటా మా సత్రంలోనే దిగుతారు. ఈసారి కొత్త అల్లుణ్ణి తెచ్చారు. సన్నగా, పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. వచ్చీ రాగానే మా వసారాలో కూర్చుని లేచేసరికి తెల్ల పంట్లాం వెనక తడి మరక పడింది. పాపం ఆ మరక చేత్తో కప్పుకుని లోపలికి వెళ్ళాడు. వెనకే హమజాకి గారి కూతురు చిహారు. ఆమెకి ఏడో నెల. మొగుడు మొదటిసారి కొండెక్కుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయిందట.

"పిన్నీ, మీరేదో అడిగిస్తారటగా" అంది చెప్పులు విప్పుతూనే. "పాప పుట్టాక రాత్రిళ్ళు లేస్తాడా అని అడిగించండి. ఆయనకి పిడుగు పడ్డా మెలకువ రాదు."

అలాగేనమ్మా అన్నాను. అన్నానే గానీ, నా చూపు ఆ అల్లుడి సన్నటి మెడ మీదే ఉంది.

సాయంత్రం ఏటి చేపలకి ఉప్పు రాసి కాలుస్తుంటే షుకిచి వంటింట్లోకి వచ్చి, అడక్కుండా ఒకటి తీసుకున్నాడు. యాభై దాటినా ఆ అలవాటు పోలేదు.

"షుకిచీ, రేపు మీ అన్నని వేలాడదియ్యాలి."

"ఎవర్ని?"

"మీ అన్నని. బండ మీంచి. నువ్వు తాడు పట్టి, 'ఇక తాడు వదిలేస్తావా' అని అడుగు. అక్కడ కాదనడానికి లేదుగా."

చేప ముల్లు అడ్డం పడింది వాడికి. మంచినీళ్ళిచ్చాను.

"వదినా, అన్న మీసాలు రాకముందు వేలాడాడు. మళ్ళీ ఎవరైనా వేలాడదీస్తారా? అలాంటి ఆచారం లేదు."

"కూడదన్న ఆచారం ఉందా?"

"అదీ లేదనుకో."

"మరింకేం. మీ అన్న చెయ్యి సంగతి నీకు తెలుసా, తెలియదా?"

వాడు నీళ్ళు నమిలాడు. తర్వాత గొంతు తగ్గించి, "కిందటి జట్టులో ఒకడు కాస్త జారాడు. ఎంతో కాదులే, బెత్తెడు. నేను కాళ్ళు లాగి పట్టాను. వాడికి అదీ తంతులో భాగమే అనిపించినట్టుంది, కిందకొచ్చి అన్నకి దణ్ణం పెట్టాడు" అన్నాడు.

నా చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉండిపోయింది. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"కొండ మీద సంగతి కదా అని."

"ఆ మాట ఇంకోసారి ఈ వంటింట్లో వినబడిందంటే నీకు ఈ జన్మలో చేప దొరకదు. విను. రేపు నువ్వు అడిగితే సరే. అడక్కపోతే నేనే వస్తాను. హద్దు ద్వారం దాటి, ఈ వంటబట్టలతోనే, ఆ మైకు ఆవిణ్ణి వెంటబెట్టుకుని మరీ వస్తాను."

వాడి మొహం పాలిపోయింది. నేను నిజంగానే వస్తానని వాడికి తెలుసు. అన్నకి భయపడాలో వదినకి భయపడాలో తేలక కాసేపు పొయ్యి వంక చూసి, చివరికి తలూపాడు. తలూపడంలో షుకిచి దిట్ట. పుట్టినప్పటి నుంచీ అందరికీ తలూపుతూనే ఉన్నాడు.

భోజనాల దగ్గర హమజాకి గారు మూడు బీర్ల మీద ఉన్నారు. "మా గెంజో గారి చెయ్యి ఉక్కుపిడి. నా తమ్ముళ్ళందర్నీ పట్టిన చెయ్యి అది. నీకేం భయం లేదోయ్" అని అల్లుడి వీపు చరిచారు. మా ఆయన ఎడం చేత్తో కప్పు పట్టుకుని టోఫు ముక్క వంక చూస్తున్నాడు. ఆ మనిషి గుడ్డ పిండలేడు, చూడండి అని అందరి ముందూ అనేద్దామని నోటి దాకా వచ్చింది. అనలేదు. సకాయ్ వాళ్ళ ముందు మొగుడి తల వంచలేకపోయాను. చిహారు అడగమన్నది మాత్రం చెవిన వేశాను.

"అడుగుతాను" అన్నాడు.

"చెయ్యెలా ఉంది?"

"తగ్గింది" అన్నాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

తెల్లబట్టలు కట్టుకుని, శంఖాలు ఊదుకుంటూ, తెల్లవారుతుండగానే జట్టు బయల్దేరింది. తాడు చుట్ట మా ఆయన భుజాన ఉంది. పొద్దెక్కాక అన్నం ఉండలు మూటగట్టుకుని చిహారూ, నేనూ హద్దు ద్వారం దాకా వెళ్ళాం. వాళ్ళు దిగొచ్చేదాకా ఆడవాళ్ళం కూర్చోవడానికి అక్కడో బెంచీ ఉంది. ద్వారం అవతల కూడా అవే దేవదార్లు, అదే మట్టి, అదే వాగు. ఇన్నేళ్ళలో ఆ ద్వారం వంక ఇంతసేపు నేనెప్పుడూ చూడలేదు.

చిహారు ఊరికే ఉండే రకం కాదు.

"పిన్నీ, తాడు తెగదు కదా?"

"తెగదమ్మా. కొత్త తాడు."

"మీ ఆయనే పడతారు కదా?"

అన్నం ఉండ చేతిలో పెట్టాను. తింటూ కూడా మాట్లాడింది. పాపకి పేరు అనుకున్నారట, ఇంకా ఎవరికీ చెప్పలేదట, మొగుడు వేలాడొచ్చాక చెబుతుందట. రాత్రి ఆ భోజనాల దగ్గరే నేను నోరు విప్పి ఉంటే ఈ పిల్ల మొగుడు ఇప్పుడు వసారాలో కూర్చుని టీ తాగుతుండేవాడు. నా మొగుడి పరువు కోసం ఈ పిల్ల మొగుణ్ణి పైకి పంపాను. ఎవరి మీద నమ్మకంతో? షుకిచి మీద. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దిగొచ్చే వేళయింది. రాలేదు. ఆ వేళ దాటింది. వేరే జట్టు ఒకటి దిగి వెళ్ళిపోయింది. పైన పడమటి బండ దగ్గర జనం ఆగిపోయారని, వాళ్ళు వేరే దారిన వచ్చేశారని అన్నారు. ఎందుకాగారని అడిగితే తెలియదన్నారు. చిహారు మాటలు ఆగిపోయాయి.

నేను లేచి ద్వారం దగ్గరికి నడిచాను. ఏ పాపం చుట్టుకుంటుందో, ఏ దేవుడికి కోపం వస్తుందో, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. నా కాలు లేచింది.

"పిన్నీ, ఎక్కడికి?"

"చీమలు" అని కాలు దులుపుకున్నాను. ఆ పిల్ల కళ్ళలో భయం చూశాక ఇంకేం చెప్పగలను? రెండోసారి లేపుదామనుకుంటుండగా చెట్ల మధ్య నుంచి శంఖం వినబడింది. మా ఆయన ఊదితే లోయ మోగుతుంది. ఇది జలుబు చేసిన ఆవు అరిచినట్టుంది. షుకిచి ఊదుతున్నాడు. మా ఆయన శంఖం షుకిచి నోటికి ఎందుకొచ్చింది?

మొదట హమజాకి గారి అల్లుడు దిగాడు. నుదురు బాగానే ఉంది. మొహం మాత్రం పిండి రాసినట్టు తెల్లగా ఉంది. తిన్నగా చిహారు దగ్గరికొచ్చి, "రాత్రిళ్ళు లేస్తాను" అన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది. కడుపులో తిప్పుతోందంటే నా దగ్గరున్న మాత్రలిచ్చాను. కిహాద చెట్టు బెరడుతో చేసిన ఆ మాత్రల చేదుకి అతని మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

తర్వాత షుకిచి. తాడు చుట్ట వాడి భుజాన ఉంది. నా కళ్ళలోకి చూడలేదు.

"అడిగావా?"

"నోరు పెగల్లేదు వదినా."

"మీ అన్న ఏడీ?"

"వస్తున్నాడు, వెనక."

"మరి ఈ తాడు నీ భుజానికెలా వచ్చింది?"

వాడు మళ్ళీ నీళ్ళు నమలడం మొదలుపెట్టేసరికి హమజాకి గారే కలగజేసుకున్నారు. చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పారు. ఆయన గొంతులో రాత్రి బీర్ల హుషారేమీ లేదు.

"అమ్మగారూ, మా అల్లుడికి తాడు పట్టింది షుకిచి గారే, గెంజో గారు పక్కన నిలబడి అడిగారంతే. అంతకుముందు, అల్లుడు పడుకోబోతుంటే గెంజో గారు ఆగమన్నారు. భుజం మీది తాడు తీసి షుకిచి చేతిలో పెట్టారు. తనకే తగిలించమన్నారు. మాకేం అర్థం కాలేదు. ఆయనే బోర్లా పడుకుని, అంచు బయటికి జరిగి, చేతులు జోడించారు. 'అడగరా' అన్నారు. షుకిచి గారికి గొంతు రాలేదు. మాలో ఎవరం అడుగుతాం, మమ్మల్నందర్నీ అడిగిన మనిషిని? వెనక జట్లు వచ్చి ఆగిపోయాయి. చాలాసేపు అలాగే వేలాడారు. చివరికి ఆయనే లోయలోకి అరిచారు. 'గెంజో, పెళ్ళాం మాట వింటావా?' అని. మళ్ళీ ఆయనే, 'వింటాను' అన్నారు."

నెలల తరబడి తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోతే మనిషి ఏమంటుంది?

మా ఆయన దిగొచ్చాడు. తెల్లచొక్కా ముందంతా బండ మీది నాచు పచ్చగా అంటుకుంది. ద్వారం దాటి నా పక్కకి వచ్చి, ఎప్పట్లాగే ఆగకుండా నడిచాడు. నేను పక్కనే నడిచాను.

"షుకిచితో రహస్యం చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పు" అన్నాడు కొంతదూరం పోయాక. "మన ఇంటి గోడలు కాగితం."

"విన్నారా?"

"వాడు అడగలేడు. చిన్నప్పటి నుంచీ వాడింతే. నువ్వు మాత్రం అన్నంత పనీ చేస్తావు."

"కాలు లేపాను కూడా."

ఆయన ఆగి నా వంక చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "తలకిందులుగా ఉంటే రక్తమంతా నెత్తికెక్కుతుంది" అన్నాడు. "వాళ్ళందరూ దేనికైనా సరే ఎందుకంటారో ఇప్పుడు గుర్తొచ్చింది." అంతే, మళ్ళీ నడిచాడు. ఇంతకన్నా పొడుగు సంభాషణ మా మధ్య జరిగి చాలా కాలమైంది.

సత్రం చేరాక జట్టంతా వసారాలో కూర్చుని మట్టిబూట్లు విప్పారు. లోపల స్నానాలకి నీళ్ళు కాగుతున్నాయి. వాళ్ళు లేచి వెళ్ళేసరికి చెక్క నిండా బురద. మా ఆయన బకెట్ తెచ్చాడు. గుడ్డ ముంచాడు. పిండబోయి, ఆగిపోయాడు. నీళ్ళు కారుతున్న ఆ గుడ్డని అలాగే పట్టుకుని వచ్చి నా ముందు చాచాడు.

"ఇది కాస్త పిండిపెట్టు" అన్నాడు.

ఈ ముక్క అనడానికి ఈ మనిషి కొండెక్కి తలకిందులుగా వేలాడాల్సి వచ్చింది. ఆ మాటే అనేద్దామనుకున్నాను. కానీ ఆయన కుడి చెయ్యి ఆ తడిగుడ్డ బరువుకే వణుకుతోంది, ఆయన దాన్ని దాచుకోలేదు. గుడ్డ తీసుకుని, ఒక్క చుక్క మిగలకుండా పిండి ఇచ్చాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఈ చివర నుంచి తుడవడం మొదలుపెట్టాడు, నేను బకెట్ పట్టుకుని వెనకే కదిలాను.